మోదకవృత్తాంతము : వాగ్వ్యవహారమూలములు

లోకమున జరుగు కార్యములలోఁ బెక్కులు మాటచేతనే నడచుచున్నవి. రాజశాసనము, న్యాయాధిపతి తీర్పు, వైద్యుని యుపదేశము, గురువు పాఠము, వర్తకుని బేరము, తల్లి పిలుపు, ఇవి యన్నియు మాటయొక్క భిన్నరూపములే. అయినను మాట యెట్లు పనిచేయునో విచారించువారు కొందఱే. నడచువాఁడు తన యడుగులను లెక్కింపనట్లే పలుకువాఁడు తన పలుకు పోవు త్రోవను గమనింపఁడు. కాలు జాఱినప్పుడే నేలవైపు చూపు పోవును. అట్లే మాట తప్పినప్పుడే మాటను గూర్చిన విచారము పుట్టును.

వాగ్వ్యవహార మనఁగా నేమి? ఒకని మనస్సునందలి యర్థము శబ్దాదిసంకేతముల మూలమున మఱియొకని మనస్సునఁ జేరి, అచ్చటఁ దగిన జ్ఞానమునుగాని ప్రవృత్తినిగాని పుట్టించుట. ఈ లక్షణమునందు 'చేరుట' యనునది ముఖ్యము. పలుకుటతోడనే వ్యవహారము ముగియదు, వినుటతోడను ముగియదు. వక్త యుద్దేశించిన యర్థము శ్రోత గ్రహించిన యర్థముతో సరిపోయినప్పుడే యది సిద్ధించును. ఈ రెంటికిని నడుమ నెన్ని యెడములు గలవో, ఏ యెడమున నర్థము జాఱిపోవునో తెలిసికొనుట విద్యాబోధకులకు మిక్కిలి యావశ్యకము.

ఈ విషయమును విశదపఱచుటకు ఆంధ్రదేశముతో సంబంధముగల యొక ప్రాచీనకథ యెంతయు నుపకరించును. అది క్రీ. శ. 11వ శతాబ్దమునఁ గాశ్మీరమున సోమదేవుఁడు రచించిన కథాసరిత్సాగరమున మొదటి లంబకమైన కథాపీఠమునఁ గలదు. దాని నాయకుఁడు సాతవాహనరాజు. కథ కథయే గాని చరిత్ర గాదు. అయినను మాట యెట్లు చెడునో, చెడినపిదప నేమి జరుగునో చూపుటలో దీనికి సాటివచ్చు కథ లరుదు.

వసంతోత్సవసమయమున సాతవాహనుఁడు రాణులతో జలక్రీడ సలుపుచుండెను. రాజు చల్లు నీటి తాఁకుడునకు అలసిన యొక రాణి, విదుషి గావున, సంస్కృతమున 'నన్ను నీళ్లతోఁ గొట్టకుము' అని పలికెను. నిషేధార్థకమగు 'మా' యను పదమును, 'ఉదకైః' అను పదమును సంధి పొందఁగా 'మోదకైః' అని వినఁబడినది. రాజు దానిని 'మోదకములతో' నని గ్రహించి, వెంటనే మోదకములను, అనఁగాఁ గుడుములను, తెప్పించెను. రాణి నవ్వి, నీళ్లలో మోదకముల కేమి పని యనియు, రాజునకు సంధియుఁ దెలియదు, ప్రకరణమును దెలియదనియు నాక్షేపించెను. తక్కిన పరివారమును నవ్విరి. రాజు సిగ్గుపడి, క్రీడను విడిచి, ఎవ్వరితోను బలుకక, ఆహారమునందును నిచ్ఛలేక చింతాక్రాంతుఁడై పడియుండెను.

రాణి చేసిన యాక్షేపమున రెండు దోషములు పేర్కొనఁబడినవి. మొదటిది శబ్దమునకు సంబంధించినది. రెండవది సందర్భమునకు సంబంధించినది. రాజునకు వ్యాకరణము రాకున్నను ప్రకరణమును జూచియుండినచోఁ దప్పు జరుగకపోవును. నీళ్లలో నిలిచి, నీళ్లు చల్లుచు, అలసిన స్త్రీ పలుకుచుండఁగా, ఆమె కోరునది భక్ష్యములు గావని సామాన్యబుద్ధియే చెప్పును. మఱి ప్రకరణమును జూడక పోయినను వ్యాకరణము తెలిసియుండినచో, మఱియొక పదవిభాగము గలదేమో యను సంశయమైనఁ బుట్టియుండెడిది. ఒక కావలి నిదురించినను వేఱొక కావలి మేల్కొనియున్నచో నిల్లు నిలుచును. రెండును నిదురించినందుననే రాజు పరిహాసపాత్రుఁడయ్యెను.

కాని మూఁడవదోషమును గలదు. అది రాణిది. తన మాట వినువానికి సంస్కృతసంధి తెలియదని యామె యెఱుఁగవలదా? అలసటవేళ నొక్కమాటలోఁ దెలియవలసిన నిషేధమును సంధిలో మఱుగుపఱచి పలుకుట శ్రోతను గమనింపనివారి చేఁత. పరిహాసము రాజునకే దక్కినను వ్యవహారభంగమున నుభయులకును భాగము గలదు. శ్రోత మూఢుఁడని నిందించుటకు ముందు వక్త తన మాట నెవరికొఱకు నిర్మించెనో పరీక్షించుకొనవలయును.

ఈ వృత్తాంతము ననుసరించి వాగ్వ్యవహారమున కావశ్యకములైన యంగములను నిరూపింపవచ్చును. పలుకువాఁడు వక్త, వినువాఁడు శ్రోత, పలుకఁబడినది వాక్యము, ఆ వాక్యము నడచు నియమము భాష, అది ప్రయాణించు మార్గము ధ్వని గాని లిపి గాని, అది పుట్టిన సందర్భము ప్రకరణము, వక్త హృదయము తాత్పర్యము, శ్రోత మరలఁ బలుకునది ప్రతివచనము. రష్యాదేశమునఁ బుట్టిన భాషాశాస్త్రజ్ఞుఁడు రోమన్ యాకబ్సన్ 1960లో వక్త, శ్రోత, సందేశము, సందర్భము, సంపర్కము, సంకేతము అను నాఱంగములను జెప్పెను. పేళ్లు భిన్నములైనను వస్తువు దాదాపొక్కటియే. వీనిలో నేది లోపించినను మోదకములు వచ్చును.

మొదట మార్గమును విచారింతము. శబ్దము మార్గమునఁ జెడుట సులభము. ఉదాత్తానుదాత్తస్వరము మాఱిన మాత్రమున నర్థము తలక్రిందగుననుటకుఁ బతంజలి మహాభాష్యమున 'ఇంద్రశత్రు' పదము నుదాహరించెను. ఇంద్రుని జంపువాఁడని తత్పురుషార్థము వచ్చునట్లు పలుకవలసినచోట, ఇంద్రుఁడే శత్రువుగాఁ గలవాఁడని బహువ్రీహ్యర్థము వచ్చు స్వరము పలుకఁబడుటచే యజమానికే హాని గలిగెనని యా కథ. ఒక యక్షరమైనను మాఱలేదు, స్వరమాత్రము మాఱినది.

ఇట్టి ప్రమాదమునకుఁ బూర్వులు చేసిన ప్రతీకార మాశ్చర్యకరము. వేదమును గేవలము సంహితగా వల్లించుటతోఁ దృప్తిపడక, పదపాఠమున సంధి విడఁదీసి, క్రమపాఠమున ఒకటవ పదమును రెండవదానితోను, రెండవదానిని మూఁడవదానితోను గూర్చి, జటాపాఠమున వానిని ముందునకు వెనుకకు మరలించి, ఘనపాఠమున మఱింత పెనవేసి పఠించిరి. ఒక పాఠమునఁ దప్పు దొరలినచో వేఱొక పాఠము దానిని బట్టియిచ్చును. అనఁగా పునరుక్తియే యిచ్చట రక్షణము. 1948లో అమెరికాదేశీయుఁడగు క్లాడ్ షానన్ తంతివార్తాదుల గణితమును నిరూపించుచు, మార్గమున సంకరమైన రవము కలిసినప్పుడు సందేశమునఁ దగిన యాధిక్యము చేర్చినచో దోషమును దిద్దుకొనవచ్చునని స్థాపించెను. ఘనపాఠి కంఠమునను యంత్రమునను బనిచేయు న్యాయ మొక్కటియే.

అయితే షానన్ తన గణితమున నర్థవిచారమును బుద్ధిపూర్వకముగా విడిచెను. యంత్రమునకు దానితోఁ బని లేదు. రాజు చెవికి రాణి పలుకు చెడకయే చేరినది. ఒక వర్ణమైనను జాఱలేదు. అయినను వ్యవహారము చెడినది. కావున మార్గశుద్ధి యావశ్యకమే గాని చాలదు. అక్షరము లన్నియుఁ జక్కఁగా వల్లించిన బాలునకుఁ బాఠము వచ్చినదని తలఁచుట యీ భేదమును మఱచుటయే.

ఇఁక శబ్దమున కర్థముతోడి సంబంధము. ఈ సంబంధమును శ్రోత యెట్లు నేర్చును? వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, తెలిసిన పదముతోడి సాన్నిధ్యము అని నైయాయికులు శక్తిగ్రహమునకు మార్గములఁ జెప్పిరి. వీనిలో వృద్ధవ్యవహారము ప్రధానము. పెద్దవాఁడొకఁడు 'ఆవును దెమ్ము' అనఁగా మఱియొకఁడు ఆవును దెచ్చును. చూచుచున్న బాలునకు మొత్తమువాక్యమున కర్థ మీ పని యని తోఁచును. పిదప 'గుఱ్ఱమును దెమ్ము', 'ఆవును గట్టుము' అని వినఁగా, ఏ పదము మాఱినప్పుడు పనిలో నేది మాఱెనో చూచి పదపదార్థములను విడఁదీసికొనును. దీనినే యావాపోద్వాపము లందురు.

దీనినుండి యొక ముఖ్యవిషయము తేలుచున్నది. ఎవఁడు ఏ వృద్ధులనడుమఁ బెరిగెనో వాని పదములు ఆ వృద్ధుల పదములే. తెలుఁగుదేశమున నొక్క పంటయే యొకచో వేరుసెనగ, ఒకచోఁ జెనిక్కాయ, ఒకచో బుడ్డలు, తెలంగాణమునఁ బల్లి యనఁబడును. నీరుల్లిని ఉల్లిగడ్డ యనువారును ఎఱ్ఱగడ్డ యనువారును గలరు. ఈ మాటలలో నొకటి శిష్టము, తక్కినవి భ్రష్టములని నిర్ణయించుట కోశకారుని వివాదము గావచ్చును. విత్తనము చల్లు కాపునకుఁ జెప్పవలసినవానికి మాత్రము ఆ కాపు చెవి కెఱుక యగు మాటయే సాధువు. పాఠ్యపుస్తకమున నొక మాట యున్నప్పుడు, ఆ బాలుని యింట దాని కే మాట గలదో యడిగి రెంటిని జోడించుట యుపాధ్యాయుని పని. తెలిసిన పదముతోడి సాన్నిధ్యమనఁగా నిదియే.

పదము లెఱిఁగినంతమాత్రమున వాక్యార్థము బోధపడదు. తర్కసంగ్రహకర్తయగు అన్నంభట్టు, ఇతఁ డాంధ్రుఁడని ప్రసిద్ధి, వాక్యార్థజ్ఞానమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁటిని హేతువులుగాఁ జెప్పెను. 'గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు' అని పలికినచోఁ బద మొక్కొక్కటియుఁ దెలిసినదే, వాక్యము మాత్రము లేదు. ఒకదాని నొకటి కోరదు గావున ఆకాంక్ష లేదు. 'నిప్పుతోఁ దడుపుము' అన్నచో ఆకాంక్ష గలదు గాని, తడుపుటకు నిప్పు తగదు గావున యోగ్యత లేదు. 'ఆవును' అని యుదయమునఁ బలికి 'దెమ్ము' అని సాయంకాలమునఁ బలికినచో సన్నిధి లేదు.

ఈ మూఁడును బాలురకు వల్లె వేయించు లక్షణములు మాత్రమే గావు. నిత్యవ్యవహారమును బరీక్షించు గీటుఱాళ్లు. పుటలో మొదట కర్తను నిలిపి, నడుమఁ బది విశేషణవాక్యములను జొప్పించి, కడపటఁ గ్రియను జేర్చు వాక్యమున సన్నిధి చెడును. చదువరి క్రియను జేరునప్పటికిఁ గర్తను మఱచును. ఎవరు చేయవలయునో చెప్పక 'చేయఁబడవలయును' అని మాత్రము వ్రాయు నధికారలేఖలోఁ గర్తృవిషయమైన యాకాంక్ష తీరదు. అందఱును జదువుదురు, ఎవఁడును జేయఁడు.

వాక్యార్థ మెట్లేర్పడునను విషయమున మీమాంసకులలో రెండు మతములు గలవు. పదములు ముందుగాఁ దమతమ యర్థములఁ జెప్పఁగా, ఆ యర్థములకుఁ బిదప నన్వయము గలుగునని కుమారిలభట్టు మతము, ఇది యభిహితాన్వయవాదము. అన్వయము పొందిన యర్థమునే పదము చెప్పును గాని విడిగాఁ జెప్పదని ప్రభాకరుని మతము, ఇది యన్వితాభిధానవాదము. ఏ మతము సిద్ధాంతమని నిర్ణయింపకయు, బోధనకు రెంటినుండియుఁ బాఠము గ్రహింపవచ్చును. ప్రతిపదార్థము చెప్పించి విడుచు నుపాధ్యాయుఁడు మొదటి మతమునందు సగమే యాచరించినవాఁడు. అభిహితములైన యర్థములకు అన్వయము చెప్పింపలేదు. తాత్పర్యము మాత్రము చెప్పించి విడుచువాఁడు పదముల బలమును బాలుని చేతి కీయలేదు.

సాతవాహనుని ప్రధానదోషము ప్రకరణవిస్మృతి. నానార్థపదముల విషయమున ప్రకరణమే నిర్ణాయకము. 'సైంధవమును దెమ్ము' అన్నప్పుడు భోజనవేళ యైనచో నుప్పును, ప్రయాణవేళ యైనచో గుఱ్ఱమును దేవలయుననుట ప్రసిద్ధోదాహరణము. భర్తృహరి వాక్యపదీయమున శబ్దార్థనిర్ణయమునకు సాహచర్యము, విరోధము, ప్రకరణము, సామర్థ్యము, ఔచిత్యము, దేశము, కాలము మొదలగు హేతువులను బెక్కింటిని లెక్కించెను.

తెలుఁగున నిట్టి యుదాహరణమును వెదకుటకు దూరము పోనక్కఱ లేదు. 'పాలేరు వచ్చెను' అను వాక్యమును జూడుఁడు. సేద్యపుఁబనివాఁడు వచ్చెనని యొక యర్థము. పాలేరనునది కృష్ణలోఁ గలియు నొక యేటిపేరు గూడ నగుటచే, ఆ తీరమునందలివారికి ఏటికి వఱద వచ్చెనని మఱియొక యర్థము. ఏటిపేరునకుఁ బూర్వపువ్రాఁతలో శకటరేఫము గలదు గాని నేఁటి చెవికి ఆ భేదము వినఁబడదు. గ్రాంథికక్రియ మహత్తునకు నమహత్తునకు నొక్కటియే యగుటచేఁ గ్రియయుఁ దీర్పు చెప్పదు. 'వచ్చినాఁడు', 'వచ్చినది' యన్నచో సందేహము తొలఁగును. పొలమున నన్నము మూట విప్పుకొనువాఁడు మొదటి యర్థమున విన్నచో నిశ్చింతగాఁ గూర్చుండును. రెండవ యర్థమున విన్నవాఁడు గట్టునకుఁ బరుగెత్తును. ప్రాణము నిలుచుట యిచ్చట ప్రకరణజ్ఞానముపై నాధారపడియున్నది.

వాక్యము స్పష్టమైనను తాత్పర్యము భిన్నము గావచ్చును. 'ప్రొద్దు క్రుంకినది' యన్న యొక్కమాటను వినఁగా, బాటసారికి బస వెదకవలయునని, పసులకాపరికి మందను మరల్పవలయునని, శ్రోత్రియునకు సంధ్య వార్వవలయునని, వర్తకునకు అంగడి కట్టవలయునని తోఁచును. క్రీ. శ. 9వ శతాబ్దమునందలి యానందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున స్థాపించిన వ్యంజనావృత్తి యిదియే. అభిధ యందఱకును సమానము. వ్యంగ్యము శ్రోతనుబట్టి మాఱును. కావ్యమున నీ బాహుళ్య మలంకారము. శాసనమునను, ఔషధమునను, లెక్కలపాఠమునను నిది దోషము. ఎచ్చట బహ్వర్థత శోభించునో, ఎచ్చట హాని చేయునో వివేచించుట పండితలక్షణము.

మాట సరిగాఁ జేరుటకు వక్త హృదయము ఋజువుగానుండుటయు నావశ్యకము. భారతయుద్ధమునఁ బదునేనవనాఁడు భీముఁడు మాళవరాజగు నింద్రవర్మ యేనుఁగును, అశ్వత్థామ యను పేరుగలదానిని, జంపెను. ద్రోణుఁడు నిజము ధర్మరాజు నోటనే వినఁగోరెను. ధర్మజుఁడు అశ్వత్థామ హతుఁడయ్యెనని స్పష్టముగాఁ బలికి, ఏనుఁగను మాటను వినఁబడకుండఁ బలికెను. వ్యాకరణదృష్టిని వాక్యము దోషరహితము, పదార్థదృష్టిని సత్యము. కాని శ్రోతయందు పుట్టింపఁబడిన జ్ఞాన మసత్యము. నేలకు నాలుగంగుళములు పైకి నిలిచియుండిన యాతని రథ మాక్షణమున నేలఁ దాఁకెనని భారతము చెప్పుచున్నది. సత్యము నాలుకపై నుండునది గాదు, శ్రోత మనస్సునఁ జేరిన యర్థమునం దుండునదని యా కథ పరమార్థము. ఆప్తవాక్యమే ప్రమాణమని నైయాయికులు చెప్పుటకుఁ గారణ మిదియే. శ్రోత వక్తను నమ్మి తన బుద్ధి నప్పగించును గదా.

శ్రోత నెఱిఁగి మాటను నిర్మించుటకుఁ జరిత్రలో నుదాహరణములు గలవు. క్రీ. పూ. 3వ శతాబ్దమున నశోకుఁడు కర్నూలు మండలమునందలి ఎఱ్ఱగుడి ఱాళ్లపై శాసనములు చెక్కించెను. అందలి చిన్న శిలాశాసనమున రజ్జుకుఁడను నధికారికి ఆజ్ఞ చెప్పవలయుననియు, అతఁడు భేరి మ్రోఁగించి జానపదులకుఁ దెలుపవలయుననియు నున్నది. కళింగమునందలి ధౌళి, జౌగడ శాసనములలో తిష్యనక్షత్రదినములందు వినిపింపవలయుననియు, నొక్కఁడే యున్నను వానికి వినిపింపవచ్చుననియుఁ జెప్పఁబడినది. పశ్చిమమునఁ గాందహారమున 1958లో బయల్పడిన శాసనము గ్రీకు, అరమాయిక భాషలలో నున్నది. ఱాతిపై వ్రాసినంతనే ప్రజకుఁ దెలిసినదని యా రాజు భ్రమపడలేదు. లిపి యెఱుఁగనివారికి భేరియు, భాష వేఱైనవారికి వారి భాషయు నేర్పాటు చేసెను.

చారిత్రకులైన సాతవాహనుల శాసనములు ప్రాకృతమున నున్నవి. వారి ప్రతిమాంకితములగు వెండినాణెములపై నొకవైపుఁ బ్రాకృతమును, రెండవవైపు ద్రావిడలక్షణములుగల దేశిభాషయు గలవు. చేతినుండి చేతికిఁ బోవు నాణెము రెండు విధములైన చదువరులను దలఁచికొనినట్లున్నది. క్రీ. శ. 6వ శతాబ్దమునఁ గడప మండలమునందలి కలమళ్లలో రేనాటి చోళుల శాసనము తెలుఁగున వెలసినది. శాసనము ప్రజల భాషకు దిగివచ్చుట పాలకుల పదవికిఁ దక్కువ గాలేదు.

ఇఁక ప్రతివచనము. మోదకవృత్తాంతమున మిక్కిలి శోచనీయమైన భాగము నవ్వు తరువాతిది. రాజు మౌనము వహించెను. తెలియదని యడుగుట కవకాశములేని సభలో శ్రోతకు మిగులునది మౌనమే. ఆ మౌనమును జూచి వక్త తన మాట చేరినదని భ్రమించును. పాఠశాలలో 'తెలిసినదా' యని యడుగఁగా నందఱును 'తెలిసినది' యందురు. అది ప్రతివచనము గాదు, ప్రతిధ్వని. తెలిసినదానిని సొంతమాటలతోఁ జెప్పుమన్నప్పుడే నిజము బయలుపడును. తప్పు చెప్పిన బాలుని జూచి తక్కినవారు నవ్వినచో, నవ్వినవారందఱును రేపు మౌనము నేర్చుకొందురు.

ఈ నియమము పాఠశాలతోఁ బోదు. 'దినమునకు మూఁడు మాత్రలు' అను వాక్యము శుద్ధమైన తెలుఁగే. పూట కొకటి చొప్పున మ్రింగవలయునని వైద్యుని తాత్పర్యము. ఒక్కసారియే మూఁడును మ్రింగిన రోగియు వాక్యము నతిక్రమింపలేదు. రోగిచేత మరలఁ జెప్పించుకొనిన వైద్యుఁడు మాత్రమే తన యుపదేశము చేరినదని యెఱుఁగును. ఓడరేవులలో నెత్తు తుపాను ప్రమాదసూచికల సంఖ్యలును నిట్టివే. అవి నావికుల కుద్దేశింపఁబడినవి. తీరమునందలి పల్లెవానికి సంఖ్య మాత్రము చెప్పినచో నుప్పెన యెప్పుడు వచ్చునో, తా నెచ్చటికిఁ బోవలయునో తెలియదు. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమ నుప్పెన ముంచినప్పుడు వేలకొలఁది జనులు మడసిరి. అట్టి తీరమున హెచ్చరికయందలి ప్రతిపదమును ప్రాణరక్షణకుఁ బనికివచ్చునట్లు, ఎప్పుడు, ఎచ్చటికి, ఏ త్రోవను బోవలయునో చెప్పునట్లు కూర్పఁబడవలయును.

మోదకకథ యింతటితో ముగియలేదు. రాజు విద్య గోరఁగా మంత్రులలో గుణాఢ్యుఁడు, వ్యాకరణమునకుఁ బండ్రెండేండ్లు పట్టును గాని తా నాఱేండ్లలో నేర్పెదననెను. శర్వవర్మ ఆఱునెలలలో నేర్పెదననెను. అది జరిగినచో సంస్కృతమును, ప్రాకృతమును, దేశభాషను విడిచెదనని గుణాఢ్యుఁడు శపథము చేసెను. శర్వవర్మ కుమారస్వామి యనుగ్రహమునఁ గాతంత్రమను లఘువ్యాకరణమును బొంది రాజునకు నేర్పి గెలిచెను. కథలోని దైవికాంశము నటుంచినను, కాతంత్రము నిజముగానున్న గ్రంథము. వంగ, కాశ్మీరదేశములలోఁ జిరకాలము పఠనపాఠనములం దుండినది. శాస్త్రమునకుఁ గావలసినదెంత యని గాక, ఈ శ్రోతకుఁ గావలసినదెంత యని విచారించిన గురువే గెలిచెను.

ఓడిన గుణాఢ్యుఁడు వింధ్యాటవిలోఁ బైశాచీభాష నేర్చి, ఏడు లక్షల శ్లోకముల బృహత్కథను సిరా లేక తన రక్తముతో వ్రాసి రాజునకుఁ బంపెను. రాజు దాని భాషను, వ్రాసిన రక్తమును జూచి తిరస్కరించెను. సంధి తెలియక సిగ్గుపడినవాఁడే, సంధి నేర్చినపిదప, తనకుఁ దెలియని భాషలోని గ్రంథమును విప్పిచూడకయే త్రోసివేసెను. గుణాఢ్యుఁ డొక్కొక్క పత్రమునే చదివి నిప్పులో వేయుచుండఁగా మృగములు మేత మఱచి వినుచుండెనఁట. రాజు తెలిసికొని వచ్చునప్పటి కాఱులక్షలు కాలిపోయి, నరవాహనదత్తుని కథ లక్షశ్లోకములు మాత్రము మిగిలెను. ఆ మూలమును నేఁడు లభింపదు; బుధస్వామి, క్షేమేంద్రుఁడు, సోమదేవుఁడు సంస్కృతమునఁ జేసిన రూపములు దానికి గుఱుతులుగా నున్నవి.

మొదటి భంగమునఁ బోయినది యొక రాజు గౌరవము. అది యాఱునెలలలో మరల వచ్చినది. రెండవ భంగమునఁ బోయినది యాఱులక్షల శ్లోకములు. అవి మరల రాలేదు. మొదటిది మాట తెలియక కలిగిన నష్టము. రెండవది వినుట కిష్టపడక కలిగిన నష్టము. వ్యాకరణము మొదటిదానికి మందు. రెండవదానికి వ్యాకరణము చాలదు. ఎదుటివాని భాష యేదైనను దానియం దర్థమున్నదను విశ్వాసము కావలయును.

కావున బోధకుఁ డాచరింపవలసిన నియమములు కొన్ని యేర్పడుచున్నవి. పలుకుటకు ముందు శ్రోత యెవఁడో, వాని వృద్ధవ్యవహార మెట్టిదో తెలియవలయును. పలుకునప్పుడు కర్తను గ్రియకు దూరము చేయక, సందేహము పుట్టించు సంధిని విడఁదీసి, బహ్వర్థపదమునకుఁ బ్రకరణమును జూపవలయును. పలికినపిదప శ్రోతచేత మరలఁ బలికింపవలయును. వాఁడు తప్పినచో మొదట తన వాక్యమును బరీక్షించుకొని పిదప వానిని దిద్దవలయును. తెలియని పదమో, తెలియని యాసయో, పల్లెటిమాటయో వినఁబడినప్పుడు దానిని నిప్పులో వేయక దాని యర్థ మడుగవలయును. బడిలోఁ గడపటివరుసను గూర్చుండి, తన యింటిమాట పలికి నవ్వు పాలయిన బాలుఁ డేమి చెప్పఁబోయెనో యడిగి తెలిసికొనుటయే యీ నియమముల కన్నింటికి నాది.